‘వయసు మీదపడింది’ అన్నది రోగనిర్ణయము కాదు

నేను ఒక జిల్లా కేంద్రములో పనిచేస్తున్న రోజులలో 68 సంవత్సరాల పెద్దావిడ ఒకరు నా వద్దకు వచ్చారు. రవికె హుక్కులు పెట్టుకోవడానికి వేళ్ళు సహకరించడము లేదని, నడుస్తున్నప్పుడు చెప్పు కాలినుంచి జారిపోయినా తెలియడము లేదని చెప్పారు. ఆనాడు బయట వరండాలో యాభైమంది రోగులు ఎదురుచూస్తున్నారు. నేను ఆవిడ మోకాళ్ళు నొక్కి చూశాను. రక్తపోటు చూశాను. ‘ఈ వయసులో ఇవన్నీ సహజమేనమ్మా’ అని చెప్పి, సున్నపు మాత్రలు, నొప్పి మాత్రలు వ్రాసి పంపాను. నా బల్ల సొరుగులో ఉన్న చిన్న సుత్తిని బయటకు తీసి ఆవిడ మోకాటి ప్రతిక్రియలను పరీక్షించలేదు. ఆ పరీక్షకు ఒక నిమిషము చాలు.

ఏడాది దాటిన తరువాత ఆవిడను మంచముమీద తీసుకువచ్చారు. కాళ్ళు కొయ్యబారిపోయాయి. మూత్రముపై అదుపు తప్పింది. మెడలో వెన్నుపాము అరిగిన ఎముకల నడుమ, దళసరి కట్టిన స్నాయువుల నడుమ నలిగిపోతున్నదని ఎమ్మారై చిత్రములో తెలిసింది. శస్త్రచికిత్స జరిగింది. రోగము ముదరడము ఆగింది గాని పోయిన శక్తి తిరిగిరాలేదు. ఆవిడ నన్ను ఒక్కమాట కూడా అనలేదు. ‘నా వయసు అలాంటిది బాబూ’ అన్నారు. నేను చెప్పిన మాటనే నాకు తిరిగి అప్పగించారు.

ఆ ఋణము తీర్చుకోవడానికే ఈ వ్యాసము వ్రాస్తున్నాను. వృద్ధులలో మెదడునుంచి కండరాలకు పోయే చలనమార్గాలను అయస్కాంత ప్రేరణతో కొలిచే పరీక్ష ఒకటి ఉంది. అది పుట్టి నలభై సంవత్సరాలు దాటింది. దానిని గురించి మన పాఠకులకు తెలిసినది తక్కువ. తెలిసినవారిలో కొందరు దానిని అనవసరమని త్రోసిపుచ్చుతున్నారు. మరికొందరు దానిని యౌవనము కొలిచే తులగా అమ్మజూస్తున్నారు. ఈ ఇరువురితోనూ నాకు తగవు ఉంది.

పరీక్ష ఎలా జరుగుతుంది?

మనము చెయ్యి కదపాలని తలచినప్పుడు మెదడు పైపొరలోని చలనప్రాంతమునుంచి సంకేతాలు బయలుదేరుతాయి. ఒక్కొక్క పక్కనుంచి సుమారు 10 లక్షల నాడీతంతువులు కట్టగా క్రిందికి దిగుతాయి. మెదడు అడుగున ఉండే మజ్జాముఖము వద్ద వాటిలో అధికభాగము రెండవ పక్కకు దాటుతాయి. అందువలననే ఎడమ మెదడులో రక్తనాళము మూసుకుపోతే కుడిచెయ్యి పడిపోతుంది. ఆ తంతువులు వెన్నుపాములోని చలననాడీకణాలను ప్రేరేపిస్తే, ఆ కణాల తంతువులు నరాలుగా వెలువడి కండరాలను చేరుకుంటాయి. అంటే ఈ దారికి రెండు భాగాలు ఉన్నాయి. మెదడునుంచి వెన్నుపామువరకు ఒకటి, వెన్నుపామునుంచి కండరమువరకు మరొకటి.

ఈ దారిని బ్రతికి ఉన్న మనిషిలో, కపాలము తెరవకుండా పరీక్షించడము చాలాకాలము సాధ్యము కాలేదు. 1980లో ఇంగ్లండులో మెర్టన్, మోర్టన్ అనే శాస్త్రజ్ఞులు తలపై విద్యుత్తు ప్రయోగించి చేతికండరాన్ని కదిలించగలిగారు. కాని విద్యుత్తు తలచర్మములోని నొప్పి నరాలనుకూడా ప్రేరేపించేది కనుక ఆ పరీక్ష బాధాకరముగా ఉండేది. 1985లో షెఫీల్డ్ నగరములో ఆంథొనీ బార్కర్, ఆయన సహచరులు విద్యుత్తుకు బదులు అయస్కాంత క్షేత్రాన్ని ఉపయోగించారు. మారుతున్న అయస్కాంత క్షేత్రము దగ్గరలోని వాహకములో విద్యుత్తును పుట్టిస్తుందని ఫారడే 1831లోనే కనుగొన్నాడు. బార్కర్ బృందము ఆ సూత్రాన్ని మనిషి తలకు అన్వయించింది. తలపై ఒక తీగచుట్టను ఉంచి, అందులో సెకనులో వెయ్యవవంతు కంటె తక్కువ కాలముపాటు గొప్ప విద్యుత్ప్రవాహాన్ని పంపిస్తారు. సుమారు 1.5 నుంచి 2 టెస్లాల క్షేత్రము ఒక్క క్షణము పుట్టి ఆరిపోతుంది. ఎముక దానిని అడ్డుకోలేదు. మెదడు పైపొరలో చిన్న విద్యుత్ప్రవాహము కలుగుతుంది. చలనప్రాంతములో చేతికి సంబంధించిన చోట ఇది జరిగితే రోగి ప్రయత్నము లేకుండానే వేలు టక్కున కదులుతుంది. కండరముపై అంటించిన పలకలు ఆ స్పందనను నమోదు చేస్తాయి.

రోగికి తెలిసేది ఒక టిక్కుమనే శబ్దము, తలపై చిన్న తట్టు. శబ్దము కొంచెము గట్టిది కనుక చెవులకు రక్షణ పెడతారు. మత్తుమందు అక్కరలేదు. తలలో లోహపు క్లిప్పులు, చెవిలో కాక్లియర్ ఇంప్లాంటు ఉన్నవారికి ఈ పరీక్ష చెయ్యకూడదు. పేస్‌మేకరు, మూర్ఛవ్యాధి ఉన్నవారి విషయములో నిపుణులు ముందుగా ఆలోచించి నిర్ణయించాలి. కుంగుబాటుకు చికిత్సగా వేలకొలది స్పందనలతో వరుసగా చేసే అయస్కాంత ప్రేరణ వేరు. ఇక్కడ నేను చెబుతున్నది విడివిడి స్పందనలతో చేసే కొలత మాత్రమే.

తీసివేతలో తెలిసే సత్యము

తలపై ప్రేరణ ఇచ్చిన క్షణమునుంచి చేతికండరము స్పందించేవరకు ఆరోగ్యవంతులలో సుమారు 20 మిల్లీసెకన్లు పడుతుంది. అదే తీగచుట్టను మెడవెనుక ఉంచి నాడీమూలాలను ప్రేరేపిస్తే స్పందన ఇంకా త్వరగా వస్తుంది, ఎందుకంటే దారిలో మొదటి భాగము లేదు. మొదటి కాలమునుంచి రెండవ కాలాన్ని తీసివేస్తే మిగిలేది మెదడునుంచి వెన్నుపామువరకు పట్టిన కాలము. దీనిని కేంద్ర వాహక సమయము అంటారు. చేతికి అది సాధారణముగా 6 నుంచి 8 మిల్లీసెకన్లు ఉంటుంది.

ఈ తీసివేత విలువ ఏమిటో ఉదాహరణకు కొన్ని అంకెలు అనుకుందాము. ఆరోగ్యవంతుడైన ఒక వృద్ధునిలో తలనుంచి 21, మెడనుంచి 14, తేడా 7. మధుమేహముతో నరాలు దెబ్బతిన్న మరొకరిలో తలనుంచి 26, మెడనుంచి 19. తేడా మళ్ళీ 7. ఇతని నరాలు మందగించాయి, వెన్నుపాము క్షేమముగా ఉంది. మూడవ వ్యక్తిలో తలనుంచి 26, మెడనుంచి 14, తేడా 12. ఇతని నరాలు బాగున్నాయి. అడ్డంకి మెదడుకు, మెడక్రింది వెన్నుపాముకు మధ్య ఎక్కడో ఉంది. రెండవవాడూ మూడవవాడూ ‘చేతులు మొద్దుబారాయి డాక్టరుగారూ’ అనే ఒకే మాటతో వస్తారు. ఇద్దరికీ ‘వయసు మీదపడింది’ అనే ఒకే జవాబు దొరుకుతుంది. రెండవవానికి కావలసినది చక్కెర అదుపు, పాదాల రక్షణ. మూడవవానికి కావలసినది మెడ ఎమ్మారై, అవసరమైతే శస్త్రచికిత్స. ఆలస్యమైతే అతను నా రోగి గతే పడతాడు.

మెడలో వెన్నుపాము ఒత్తిడికి గురైన రోగులకు రోగనిర్ణయము జరగడానికి సగటున రెండేళ్ళ వరకు ఆలస్యమవుతున్నదని ప్రచురిత అధ్యయనాలు చెబుతున్నాయి. ఆ రెండేళ్ళలో వారు వైద్యులను చూడకుండా ఇంటిలో కూర్చోలేదు. ఒకరి తరువాత ఒకరిని చూశారు. ప్రతిచోటా వయసే కారణమని విన్నారు.

‘సుత్తి, ఎమ్మారై చాలవా?’ అనేవారికి

ఇక్కడ కొందరు సహవైద్యులు అభ్యంతరము చెబుతారు. ప్రతిక్రియలను సుత్తితో చూస్తే వెన్నుపాము జబ్బు తెలుస్తుంది. అరికాలు గీస్తే బొటనవేలు పైకి లేవడాన్ని బబిన్‌స్కీ 1896లోనే వర్ణించాడు. ఆపైన ఎమ్మారై ఉంది. మరి ఈ యంత్రము ఎందుకు?

అభ్యంతరములో సగము నిజము. ప్రతిక్రియలు చూడని వైద్యునికి అయస్కాంత యంత్రము ఇవ్వడము దండుగ. నేను చేసిన తప్పును ఏ యంత్రమూ దిద్దేది కాదు, ఎందుకంటే పరీక్షించాలన్న అనుమానమే నాకు కలుగలేదు. చేతితో చేసే పరీక్ష ముందు జరగాలి. దానికి ప్రత్యామ్నాయము లేదు.

మిగిలిన సగము నిజము కాదు. డెబ్బై ఏళ్ళ మనిషికి మెడ ఎమ్మారై తీస్తే అరుగుదల, ఉబ్బిన డిస్కులు, ఇరుకైన నాళము కనిపించనివారు అరుదు. ఏ బాధా లేనివారిలోకూడా అవి కనిపిస్తాయి. ఎమ్మారై ఆకృతిని చూపిస్తుంది. ఆ ఆకృతివలన సంకేతము నిజముగా ఆలస్యమవుతున్నదా లేదా అన్నది చూపదు. ఆ వృద్ధునికే మధుమేహము ఉండి మడమ ప్రతిక్రియలు పోయి ఉండవచ్చు. మోకాటి కీళ్ళు అరిగి నడక చెడి ఉండవచ్చు. నడుములో నరాలు నొక్కుకుపోయి ఉండవచ్చు. ఒకే శరీరములో నాలుగు కారణాలు కలిసినప్పుడు సుత్తి ఇచ్చే సూచనలు ఒకదానినొకటి కప్పివేస్తాయి. మెడకు శస్త్రచికిత్స చెయ్యాలా వద్దా అని నిర్ణయించవలసిన ఆ ఘడియలో కేంద్ర వాహక సమయము ఒక సాక్ష్యము. చేతికి, కాలికి విడివిడిగా కొలిస్తే అడ్డంకి మెడలో ఉన్నదా, ఇంకా దిగువన ఉన్నదా అన్నదికూడా కొంతవరకు తెలుస్తుంది. చేతికి సక్రమముగా ఉండి కాలికి ఆలస్యమైతే చూపు వీపు భాగమువైపు మళ్ళించాలి.

దీనికి ఉన్న హద్దునుకూడా చెప్పాలి. ఆలస్యము ఎక్కడ ఉన్నదో ఈ కొలత చెబుతుంది, ఎందుకు ఉన్నదో చెప్పదు. విటమిను బి12 లోపములోనూ కేంద్ర వాహక సమయము పెరుగవచ్చు. శాకాహారులు, మెట్‌ఫార్మిను ఏళ్ళ తరబడి వాడుతున్న మధుమేహులు మనలో ఎందరో ఉన్నారు. కాబట్టి పెరిగిన అంకెను చూడగానే శస్త్రవైద్యుని వద్దకు పరుగెత్తడముకూడా తప్పే.

పక్షవాతము తరువాత

ఈ పరీక్ష నిజముగా అక్కరకు వచ్చిన రెండవ చోటు న్యూజిలాండ్‌లోని ఆక్లండ్. పక్షవాతము వచ్చిన రోగి చెయ్యి మూడు నెలల తరువాత ఎంతవరకు కోలుకుంటుందో మొదటి వారములోనే అంచనా వేయడానికి కేథీ స్టినియర్, ఆమె సహచరులు ఒక పద్ధతిని రూపొందించారు. దాని సవరించిన రూపము 2017లో వెలువడింది. మొదటి మెట్టులో యంత్రము లేదు. మూడు రోజులలోపు రోగి భుజము పక్కకు ఎత్తగలడా, వేళ్ళు చాచగలడా అని చూసి, ఒక్కొక్కదానికి అయిదు చొప్పున పదికి మార్కులు వేస్తారు. అయిదు, ఆపైన వచ్చినవారికి అయస్కాంత పరీక్ష అక్కరలేదు. అంతకంటె తక్కువ వచ్చినవారికి మాత్రమే ఆ వారములో తలపై ప్రేరణ ఇచ్చి పడిపోయిన చేతిలో స్పందన వస్తున్నదా అని చూస్తారు. చెయ్యి కదపలేకపోయినా స్పందన వస్తే చలనమార్గము తెగిపోలేదని అర్థము. అటువంటి చెయ్యి బాగా కోలుకునే అవకాశము ఉంది. ఈ పద్ధతి సుమారు 75 శాతము రోగులలో సరియైన అంచనా ఇచ్చింది.

కదలని చేతిని చూసి ‘ఈ వయసులో ఇంకేమి వస్తుంది’ అని కుటుంబము ఆశ వదులుకునే సమయములో, లోపల దారి చెక్కుచెదరలేదని చూపగలగడము చిన్న విషయము కాదు. ఆ మాట విన్న కొడుకూ కోడలూ వ్యాయామ చికిత్సకు డబ్బు, ఓపిక సమకూర్చుకుంటారు. రోగికూడా ప్రయత్నిస్తాడు.

కాని 75 శాతము సరియైనదంటే నలుగురిలో ఒకరికి అంచనా తప్పిందని అర్థము. స్పందన రాలేదన్న కాగితముతో ఒక వృద్ధునికి వ్యాయామ చికిత్స నిరాకరిస్తే, ఈ పరీక్ష ‘వయసు మీదపడింది’ అన్న పాత తీర్పుకు కొత్త రాజముద్ర అవుతుంది. వ్యాయామ చికిత్సకులు తక్కువగా ఉన్న మన జిల్లాలలో ఆ ప్రమాదము నిజమైనది. స్పందన లేని చేతికికూడా కీళ్ళు బిగుసుకుపోకుండా, భుజము నొప్పి పుట్టకుండా, రెండవ చేతితో పనులు చేసుకునేలా శిక్షణ కావాలి. ఎవరికి ఎటువంటి చికిత్స ఇవ్వాలో తేల్చడానికి పరీక్షను వాడాలి. ఎవరికి ఇవ్వకూడదో తేల్చడానికి వాడకూడదు.

‘మెదడు వయసు’ అమ్మేవారితో తగవు

ఈమధ్య ఒక మిత్రుడు నాకు ఒక ప్రకటన పంపాడు. అరవై దాటినవారి మెదడు ఎంత వయసుదో అయస్కాంత పరీక్షతో చెబుతామని, ఫలితాన్నిబట్టి మెదడును యౌవనవంతము చేసే చికిత్స ఇస్తామని అందులో ఉంది. అటువంటి కొలత ఏదీ వైద్యశాస్త్రములో స్థిరపడలేదు. ఎందుకు స్థిరపడలేదో చెబుతాను.

మొదటిది దూరము. తీగచుట్టనుంచి దూరము పెరిగేకొద్దీ అయస్కాంత క్షేత్రము వేగముగా క్షీణిస్తుంది. వయసుతో మెదడు కొంత కుంచించుకుపోవడమువలన కపాలానికీ మెదడు పైపొరకూ మధ్య ఎడము పెరుగుతుంది. అప్పుడు కండరాన్ని కదిలించడానికి ఎక్కువ బలము కావలసివస్తుంది. ఆ అంకెను చూపించి ‘మీ మెదడు మొద్దుబారింది’ అనడము, దూరముగా నిలుచున్నవానికి మాట వినబడకపోతే చెవిటివాడు అనడము వంటిది.

రెండవది నిలకడ లేమి. ఒకే మనిషికి, ఒకే చోట, ఒకే బలముతో పది స్పందనలు ఇస్తే పది పరిమాణాలు వస్తాయి. రోగి చెయ్యి కొంచెము బిగించినా స్పందన పెద్దదవుతుంది. నిద్రమత్తులో ఉంటే మారుతుంది. అందుచేతనే పరిశోధకులు ఎన్నో స్పందనల సగటు తీసుకుంటారు. నాలుగు స్పందనలతో ఒక మనిషి మెదడుకు వయసు కట్టడము జోస్యము.

మూడవది మందులు. మూర్ఛకు, నరాల నొప్పికి వాడే కార్బమాజెపిన్, ఫెనిటాయిన్ వంటివి ప్రేరణకు కావలసిన కనీస బలాన్ని పెంచుతాయి. నిద్రకు, ఆందోళనకు వాడే బెంజోడయజిపిన్లు మెదడులోని నిరోధక వలయాల కొలతలను మారుస్తాయి. మన ఇళ్ళలో ఎందరు పెద్దలు రాత్రిపూట నిద్రమాత్ర వేసుకుంటున్నారో లెక్కించి చూడండి. వారి మెదడును కొలుస్తున్నామా, వారి మాత్రను కొలుస్తున్నామా?

నాలుగవది ఎత్తు. పొడవైనవారిలో దారి పొడవు కనుక కాలము ఎక్కువ పడుతుంది. కాలికి కొలిచినప్పుడు ఈ తేడా ఇంకా ఎక్కువ. ఎత్తును లెక్కలోకి తీసుకోని పట్టిక పొడగరులందరినీ రోగులను చేస్తుంది.

అన్నిటికంటె ముఖ్యమైనది అయిదవది. ఈ పరీక్ష కొలిచేది ప్రధానముగా ఒక్క దారిని, అందులోనూ వేగముగా ప్రసరించే తంతువులను. నిలబడడానికి, నడవడానికి, పడబోతూ సంబాళించుకోవడానికి చిన్నమెదడు, చెవిలోపలి సమతుల్య అవయవము, మెదడుకాండమునుంచి దిగే ఇతర మార్గాలు, పాదాల స్పర్శజ్ఞానము, కంటిచూపు, తొడకండరాల బలము అన్నీ కావాలి. వృద్ధులను మంచాన పడవేసేది తరచు తుంటి ఎముక విరగడము. తుంటి విరగడానికి కారణము పడిపోవడము. పడిపోయే ప్రమాదమును గురించి చూపుడువేలి కండరములోని స్పందన చెప్పగలిగేది అత్యల్పము. కుర్చీలోనుంచి చేతులు ఆనించకుండా అయిదుసార్లు లేవమంటే దానికంటె ఎక్కువ తెలుస్తుంది. ఆ కుర్చీకి ప్రకటనలు అక్కరలేదు.

పరిశోధకులకు ఒక మాట

ఈ తప్పుకు వ్యాపారులే బాధ్యులు కారు. వృద్ధుల చలనమార్గాలపై వెలువడే పరిశోధనలలో సాధారణముగా కనిపించే తీరు ఇది. ఒక పక్క ఇరవైలలో ఉన్న విద్యార్థులు, మరొక పక్క అరవై, డెబ్బైలలో ఉన్న ఆరోగ్యవంతులు. కుడిచేతి వాటము ఉండాలి, మందులు వాడకూడదు, నాడీవ్యాధి ఉండకూడదు, ప్రయోగశాలకు తమంతట తాము రాగలగాలి. చేతికండరాన్ని కదిలించడము సులభము కనుక చేతినే కొలుస్తారు. ఆపైన రెండు సగటులను పోల్చి, వయసువలన మెదడు ఇలా మారిందని వ్రాస్తారు. మెదడులోని నిరోధము వయసుతో తగ్గుతుందని కొందరు, మారదని కొందరు, పెరుగుతుందని కొందరు వ్రాయడానికి ఈ తేడాలన్నీ కారణాలే.

ఆరోగ్యవంతులను పరిశీలించడము తప్పని నేను అనను. వ్యాధిని గుర్తించాలంటే ఆరోగ్యము ఎలా ఉంటుందో తెలియాలి. కాని మా ఆస్పత్రులకు వచ్చే వృద్ధుడు ఆ పట్టికలో లేడు. అతనికి మధుమేహము ఉంది, రక్తపోటు ఉంది, ఆరు రకాల మందులు ఉన్నాయి, ఎనభై నాలుగేళ్ళు ఉన్నాయి. అతనిని మినహాయించి తయారుచేసిన ప్రమాణాలతో అతనిని తూచడము అన్యాయము. కాలికండరాలను కొలవండి. ఎత్తు, మందులు, మధుమేహము నమోదు చెయ్యండి. ఎనభై దాటినవారిని చేర్చుకోండి. రెండు గుంపుల సగటుల తేడా ఒక మనిషికి రోగనిర్ణయము కాజాలదని మీ వ్యాసము చివర స్పష్టముగా వ్రాయండి.

మన నేల సంగతి

తెలుగువారికి ఈ విషయములో ప్రత్యేకమైన కారణము ఒకటి ఉంది. మనదేశములో త్రాగునీటి ఫ్లోరైడువలన ఎముకలు చెడే వ్యాధిని తొలిసారిగా 1937లో వైద్యగ్రంథాలకు ఎక్కించినది నాటి మద్రాసు రాజధానిలోని మన తెలుగు పల్లెలనుంచే. ప్రకాశము, నల్లగొండ ప్రాంతాలలో ఆ వ్యాధి తరాలను కుంగదీసింది. త్రాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెబుతుంది. అంతకు ఎన్నోరెట్లు ఉన్న నీళ్ళు త్రాగినవారిలో వెన్నెముక దళసరి అవుతుంది, స్నాయువులు ఎముకవలె గట్టిపడతాయి, వెన్నుపాము నాళము ఇరుకవుతుంది. నలభై, యాభై ఏళ్ళకే నడుము వంగి, కాళ్ళు బిగిసి, కర్ర పట్టుకుని నడిచేవారిని చూశాను. చూసినవారు వారిని ముసలివారనే అనుకుంటారు. మెడలో ఒత్తిడి ఎంతవరకు సంకేతాన్ని అడ్డగిస్తున్నదో తెలుసుకోవలసిన అవసరము ఇటువంటి నేలపై కాక మరెక్కడ ఉంటుంది?

యంత్రానికి లక్షల రూపాయలు కావాలి, ఎక్కడనుంచి తెస్తామని అడుగుతారు. ప్రతి ఊరికీ అక్కరలేదు. కుంగుబాటు చికిత్సకు అయస్కాంత యంత్రాలు నగరాలలోని ఆస్పత్రులకు ఇప్పటికే వచ్చాయి. చాలావరకు ఆ యంత్రాలే విడి స్పందనలుకూడా ఇవ్వగలవు. కండర స్పందనలు నమోదుచేసే పరికరము నాడీవైద్య విభాగములో ఎలాగూ ఉంటుంది. మానసిక వైద్య విభాగములోని యంత్రమూ, నాడీవైద్య విభాగములోని పరికరమూ, శిక్షణ పొందిన ఒక సాంకేతికుడూ వారానికి ఒకపూట ఒకే గదిలో కలిస్తే చాలు. ప్రభుత్వ వైద్యకళాశాలలు తలచుకుంటే చెయ్యగల పని ఇది. దానికంటె ముందు ప్రతి ప్రాథమిక ఆరోగ్యకేంద్రములో ఒక సుత్తి, దానిని వాడే అలవాటు ఉండాలి.

పాఠకులు చేయవలసినది

మీ ఇంటిలోని పెద్దలను గమనించండి. గుండీలు పెట్టుకోవడము, అన్నము కలుపుకోవడము, సంతకము చెయ్యడము కష్టమవుతున్నా, చెప్పు జారిపోతున్నా, కాళ్ళు కొయ్యబారినట్లు నడుస్తున్నా, మెడ వంచినప్పుడు వీపులోకి కరెంటు పారినట్లు ఉన్నా, మూత్రానికి ఆపుకోలేని తొందర మొదలైనా, నాడీవైద్యుని సంప్రదించండి. ఇవి వారాలలో, నెలలలో పెరుగుతుంటే వాయిదా వెయ్యకండి. ఒక్కసారిగా చెయ్యో కాలో పడిపోయినా, మూతి వంకరపోయినా, మాట తడబడినా గడియారము చూసుకుని వెంటనే పెద్ద ఆస్పత్రికి తీసుకువెళ్ళండి. అయస్కాంత పరీక్షను మీరై అడగనక్కరలేదు. దాని అవసరము నిర్ణయించవలసినది మీ వైద్యుడు. ‘మెదడు వయసు’ చెబుతామనేవారికి మాత్రము డబ్బు చెల్లించకండి.

వైద్యుడు ‘వయసు మీదపడింది’ అంటే వినయముగానే అడగండి: ‘నిరుటివరకు ఇదే వయసు మనిషి బాగానే నడిచారు కదా డాక్టరుగారూ, ఈ ఏడాదిలో ఏమి మారింది? ప్రతిక్రియలు చూశారా? బి12 చూశారా? మెడ సంగతి ఏమిటి?’ ఆనాడు ఆ పెద్దావిడ వెంట వచ్చిన కొడుకు నన్ను ఈ ప్రశ్న అడిగి ఉంటే, నేను విసుక్కునేవాడినేమో. విసుక్కుంటూనైనా సొరుగు తెరిచి సుత్తి తీసేవాడిని.